ఎర్రబండి ఆగిందా?

ఫువాతినో చూసిందంటే చూసినట్టే. వైతూలి ఊళ్ళో ఆ మాట చాలాకాలంగా నలుగుతున్నదే. ఎవరి పంది ఎవరి తోటలో పడిందో, పెళ్ళిలో ఎవరు ఎన్ని సన్నచాపలు పెట్టారో పేచీ వస్తే, "పోయి ఫువాతినోని అడగండి" అనేవాళ్ళు. ఆమె బడి పక్కన బల్ల వేసుకుని పానికేకెలు వేయించేది. మరిగే నూనెలో పిండి ఉండలు జారవిడుస్తూ, "ఒరేయ్, చెయ్యి కాలుద్ది, వెనక్కి జరుగు" అని పిల్లల్ని కసిరేది. కసురుతూనే ఒకటి ఎక్కువ పెట్టేది. ఎక్కువ మాట్లాడదు. అందుకే ఆమె మాటకు అంత విలువ.

ఆ సాయంత్రం పిండి అయిపోయి పక్కూరు ఫాలెమూలి కొట్టుకు వెళ్ళింది. తిరిగొస్తుంటే సన్నగా తుంపర మొదలైంది. ఊరు ఇంకా కొంచెం దూరంలో ఉండగానే ప్రార్థనవేళ శంఖం ఊదారు. శంఖం ఊదాక ఎవరైనా సరే ఎక్కడివాళ్ళక్కడ కూర్చోవాలి. నడిస్తే ఊరిపెద్దలు జరిమానా వేస్తారు. ఫువాతినో రోడ్డు పక్కన నల్లటి లావారాయి మీద కూర్చుని, పిండిసంచి తడవకుండా ఒళ్ళో పెట్టుకుని, తల వంచి కళ్ళు మూసుకుంది.

ఊరి వైపు నుంచి బండి చప్పుడు వినిపించింది. మూసిన రెప్పల మీద వెలుతురు పడింది. ఆ వెంటనే దబ్బుమని మోత. కళ్ళు తెరిచేసరికి లైట్లు సూటిగా కళ్ళల్లో కొట్టాయి. ఏదో పెద్ద ఆకారం పక్కనుంచి దూసుకుపోయింది. తల తిప్పేలోపే అది మలుపు తిరిగిపోయింది.

రోడ్డు మీద చేమదుంపలు దొర్లుతున్నాయి. తోట నుంచి కావడి మోసుకొస్తూ శంఖానికి ఇంకా ఇల్లు చేరని అవుకుసో బోర్లా పడి ఉన్నాడు. మటలేనాకు ఒక్కగానొక్క కొడుకు. మొన్నమొన్నటిదాకా ఫువాతినో దగ్గర పానికేకెలు అరువు తిన్న కుర్రాడు. ఆమె పరుగెత్తి వాడి తల ఒళ్ళోకి తీసుకుంది. పిండిసంచి ఎక్కడ పడిందో ఆమెకు తెలియదు.

ఆమె అరుపులకు ప్రార్థనలోంచి లేచి ఊరి కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనకాలే అవుకుసో మేనమామ తువాలా వచ్చాడు. ఊరిపెద్దల్లో ఒకడు, గొంతు పెద్దది. శంఖానికి కాస్త ముందు రెండు మూడు బండ్లు ఊరు దాటాయి. వాటిలో ఒకటి ఫాలెమూలి మలాకిదని కుర్రాళ్ళు దారిలోనే ఆయన చెవిన వేశారు. మలాకికీ అవుకుసోకీ కిలికిటి ఆటలో గొడవై, బ్యాట్లు పట్టుకుని కొట్టుకుని ఇంకా నెల కాలేదు.

తువాలా ఆమె భుజం పట్టుకుని ఊపాడు. "చెప్పమ్మా ఫువాతినో! మలాకిగాడి ఎర్రబండి ఆగిందా, ఆగకుండానే పోయిందా?"

"ఆగలేదు," అంది ఫువాతినో.

అది నిజమే. ఆగలేదు.

అవుకుసో ఆసుపత్రికి చేరకముందే దారిలో పోయాడు. శవం ఇంటికి వచ్చేసరికి ఊరంతా ఒకటే మాట. మలాకి ఎర్రబండి గుద్దింది, ఆగకుండా పోయింది, ఫువాతినో కళ్ళారా చూసింది. ఆడవాళ్ళు వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. "ఎంత స్పీడుగా వచ్చిందే?" అని ఒకరు, "ఎర్రగా మెరిసిపోతా వచ్చుంటదే, దెయ్యంలాగా" అని ఇంకొకరు. ఆమె తల ఊపింది. వాడి నెత్తురు ఆమె బట్టల మీద ఇంకా ఆరలేదు. ఆ క్షణంలో ఎవరేమన్నా తల ఊపేదే. మలాకిని ఆ పూటే స్టేషన్‌కు తీసుకుపోయారని కబురొచ్చింది. ఇంట్లో ఉంటే వైతూలి వాళ్ళు చంపేస్తారని భయం.

తెల్లవారకముందే మలాకి కుటుంబం ఇఫోగాకు, అంటే క్షమాపణ వేడుకోవడానికి, వచ్చింది. వానలో, తువాలా ఇంటి ముందు, గులకరాళ్ళ మీద మోకాళ్ళు వేసి కూర్చున్నారు. తరాలుగా దాచుకున్న సన్నచాపలు తలల మీద కప్పుకున్నారు. ముందు వరసలో మలాకి తండ్రి. పక్కన కట్టెలు, రాళ్ళు. కావాలంటే మమ్మల్నే కాల్చుకోండి అని దాని అర్థం. ఇంటివాళ్ళు బయటికొచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే కత్తులు లేస్తాయి. లోపల తువాలా గోడకానుకుని కదలకుండా కూర్చున్నాడు. వాన పెరిగింది. ముసలాయన చాప కింద దగ్గుతున్నాడు. పొద్దు బాగా ఎక్కాక మటలేనా తనే లేచి, ఎవరినీ అడగకుండా, వానలోకి నడిచివెళ్ళి ఆయన తల మీది చాప తీసింది.

ఊరంతా ఏడ్చింది. ఫువాతినో కూడా ఏడ్చింది. ఏడుస్తూ ఇంటికి పోతుంటే ఊరి చివర ఆపిన మలాకి వాళ్ళ ఎర్రబండి కనిపించింది. చాపలు తెచ్చిన బండి అదే. వెనక కట్టిన నీలం టార్పాలిన్ ఒక మూల చిరిగి గాలికి పటపటా కొట్టుకుంటోంది. ఆమె ఒక్క క్షణం నిలబడి చూసి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం సార్జెంట్ సకారియా వచ్చి బండిని తోలించుకుపోయాడు. పోయేముందు ఫువాతినో వాంగ్మూలం రాసుకున్నాడు. నెమ్మదస్తుడు. తొందరపెట్టలేదు, గద్దించలేదు.

"ఎర్రబండి నీ పక్కనుంచి పోయినప్పుడు వెనక ఏముందో గుర్తు చేసుకో తల్లీ. తొందరేం లేదు. కళ్ళు మూసుకుని చూడు."

ఆమె కళ్ళు మూసుకుంది. స్పష్టంగా కనిపించింది. ఎర్రటి బండి, తుంపర, మలుపు, వెనక చిరిగిన నీలం టార్పాలిన్ పటపటా కొట్టుకోవడం. అంత స్పష్టంగా కనిపించినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది, కొంచెం ఊరట కూడా కలిగింది. అంతా చెప్పింది. సకారియా రాసుకున్నాడు.

స్టేషన్‌లో మలాకి మొదట, "నేనెవర్నీ గుద్దలేదు సార్," అన్నాడు. చేమదుంపలు అమ్మి, స్నేహితులతో బీరు తాగి, ఇంటికి బండి తోలుకొచ్చాడు. దారి సరిగా గుర్తులేదు. బంపర్‌కు సొట్ట ఉంది. ఎప్పుడో పందిని గుద్దినప్పటిదన్నాడు. సకారియా రోజూ వచ్చి పక్కన కూర్చునేవాడు. కోకో తాగించేవాడు.

"తాగినోడికి కొన్ని జారిపోతయ్ తమ్ముడూ. అందులో తప్పేం లేదు. ఫువాతినో చూసింది. ఆవిడ అబద్ధమాడేది కాదని నీకూ తెలుసు. వెనక నీలం పట్టా ఎగురుతున్నదంట. ఆలోచించు."

మలాకి ఆలోచించాడు. బయట తన కోసం తండ్రి వానలో మోకాళ్ళ మీద కూర్చున్నాడని తెలిసింది. మటలేనా చాప తీసిందనీ తెలిసింది. మూడోనాటికి వాడికి ఒక మోత గుర్తొచ్చింది. ఆ తర్వాత వెనక పట్టా చప్పుడు గుర్తొచ్చింది. ఆ తర్వాత అంతా గుర్తొచ్చి తల గోడకేసి కొట్టుకుని ఏడ్చాడు.

కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. ఇఫోగా జరిగింది కాబట్టి శిక్ష తగ్గించి మూడేళ్ళు వేశారు. ఫువాతినోను పిలవాల్సిన అవసరమే రాలేదు.

మరుసటేడు ఒక వాననాడు ఆమె సంత నుంచి బస్సులో వస్తోంది. బస్సు కిక్కిరిసి ఉంది. ఫాలెమూలి దగ్గర మలాకి అక్క లూసియా ఎక్కింది. ఆమె ఆసుపత్రికి పోతోంది. సీటు లేదు. మా బస్సుల్లో సీటు లేకపోతే కూర్చున్నవాళ్ళ ఒళ్ళో కూర్చోవడమే. లూసియా చుట్టూ చూసి, ఫువాతినోను గుర్తుపట్టి, ఒక్క క్షణం తటపటాయించి, వచ్చి ఆమె ఒళ్ళోనే కూర్చుంది.

"బరువైతే చెప్పు వదినా," అంది.

"పర్లేదులే, కూర్చో."

లూసియాకు ఆమె మీద కోపం లేదు. చూసింది చెప్పింది, అంతే కదా. పైగా ఇఫోగా అయ్యాక రెండు ఊళ్ళ మధ్యా కక్ష పెట్టుకోకూడదు. వాన జల్లు లోపలికి కొడుతుంటే డ్రైవరు కుర్రాడు కిటికీల మీదికి నీలం పట్టా దింపాడు.

"అచ్చం మేం కొన్నదే," అంది లూసియా దాన్ని వేళ్ళతో తడుముతూ. "ఆరోజు చాపలు తడుస్తాయని కొట్టువాడి తలుపు బాది లేపి కొన్నాం. బేరం కూడా ఆడలా. తీరా చూస్తే మీ ఊరొచ్చేలోపే చిరిగింది. మా నాన్న ఇప్పటికీ సణుగుతాడు."

"ఏ రోజు?" అంది ఫువాతినో.

"అదే, చాపలు తెచ్చినరోజు. ఇఫోగాకి. అంతకుముందు మా బండికి పట్టా ఎక్కడిది? దుంపలు ఎండకి ఎండి వానకి తడిసి పోతా ఉండేయి."

బస్సు కుదుపులకు లూసియా బరువు ఆమె తొడల మీద పడుతోంది. ఫువాతినో కదలలేదు. లేవాలన్నా లేవలేదు. కళ్ళు మూసుకుంది. ఎర్రబండి మలుపు తిరుగుతోంది. వెనక నీలం టార్పాలిన్ పటపటా కొట్టుకుంటోంది. లేని పట్టా. అది లేనప్పుడు ఎర్రరంగు మాత్రం ఉన్నట్టు ఎవరు చెప్పాలి?

"ఏంటి వదినా, చెమటలు పడుతున్నయ్? లేవనా?"

"వద్దు," అంది ఫువాతినో. "కూర్చో."

ఇంటికెళ్ళి భర్త లఫాయెలేకు చెప్పింది. అతను వల బాగుచేసుకుంటున్నాడు.

"పట్టా సంగతి పొరబడ్డావనుకుందాం. బండి పొరబడ్డట్టు కాదుగా?"

"నేను కళ్ళు మూసుకుని ఉన్నాను లఫాయెలే. ప్రార్థనలో ఉన్నాను. తెరిచేసరికి వెలుతురే."

"మరి అప్పుడే చెప్పాల్సింది."

"ఎవరూ అడగలేదు. బండి ఆగిందా అని అడిగారు."

అతను వల పక్కన పెట్టాడు. "ఆ పిల్లాడే ఒప్పుకున్నాడు కదే. నువ్వు కాదంటే అవుద్దా?"

ఆ మాట తర్వాత చాలామంది నోట విన్నది ఆమె. సకారియా దగ్గరకు వెళ్ళి మళ్ళీ వాంగ్మూలం ఇచ్చింది. ఆయన ఓపిగ్గానే రాసుకున్నాడు. రాసి, కలం మూత పెట్టి, "పట్టా ఉందని నువ్వూ అన్నావు, అతనూ అన్నాడు. లేదంటున్నది అతని అక్క. నేను పైకి పంపిస్తాను తల్లీ. కానీ అతనే కాదనకపోతే నేనేం చేసేది?" అన్నాడు.

అందుకే పడవెక్కి ఉపోలు దీవిలో ఉన్న జైలుకు వెళ్ళింది. మలాకి చిక్కిపోయాడు గానీ ముఖం తేటగా ఉంది. ఆమెను చూసి నవ్వాడు.

"ఇంత దూరం వచ్చావేంటక్కా? మటలేనమ్మ బాగుందా? పోయినసారి సీమపనసకాయలు కాల్చి పంపింది."

ఆమె చెప్పింది. కళ్ళు మూసుకున్న సంగతి, తువాలా అడిగిన తీరు, పట్టా సంగతి, ఏదీ దాచలేదు. మలాకి నవ్వు నెమ్మదిగా ఆరిపోయింది.

"పట్టా చప్పుడు నేను విన్నానక్కా."

"పట్టా లేదురా. మీ అక్కని అడుగు. తర్వాత కొన్నారు. ఆ చప్పుడు నాది. నేను చెబితే వాళ్ళు నీకు చెప్పారు."

"మరి మోత? అది కూడా నీదేనా?" "నా చేతుల కింద స్టీరింగు అదిరింది. నాకు ఇప్పటికీ అదురుతుంది. అది ఎవరిదక్కా?"

అది పందిని గుద్దినప్పటిదో, బీరుదో, ఏమీ కాదో, నిజంగా అవుకుసోదో ఆమెకు తెలియదు. తెలియదని చెప్పడానికే వచ్చింది.

"గుద్దింది నేనైతే, నన్ను క్షమించారు," అన్నాడు మలాకి. "నేను కాకపోతే మా నాన్న వానలో దేనికి కూర్చున్నట్టు? నేనిక్కడ దేనికున్నట్టు? నాకున్నది ఇదొక్కటేనక్కా. దీన్ని లాక్కోకు. పో."

ఆమె వచ్చేసింది. పై అధికారులు వచ్చి అడిగితే మలాకి మళ్ళీ అదే చెప్పాడు, నేనే గుద్దాను అని. ఆ ఫైలు మూసేశారని సకారియా కబురు పెట్టాడు.

చివరికి తువాలా దగ్గరకు వెళ్ళింది. ఆయన సాంతం విని, తలుపు వేసి రమ్మని భార్యకు సైగ చేశాడు.

"ఏమ్మా, నీకు తెలుస్తోందా ఏం మాట్లాడుతున్నావో? చెయ్యని తప్పుకి వాళ్ళు మా కాళ్ళ దగ్గర కూర్చున్నారంటే, ఇప్పుడు మేం పోయి వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చోవాలి. ఊరు ఊరంతా. ఎవరు కూర్చుంటారు? నేనా?"

"నేను కూర్చుంటాను."

"పిచ్చి మాటలు మాట్లాడక ఇంటికి పో."

ఆమె ఇంటికి పోయి, అమ్మ నేసి ఇచ్చిన సన్నచాప తీసుకుని, ఫాలెమూలి దాకా నడిచింది. మలాకి తండ్రి ఇంటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాప కప్పుకుంది. ఒంటరిగా. ఎవరూ ఒంటరిగా ఇఫోగా చెయ్యరు. పిల్లలు ఆడుకునేది ఆపేసి చుట్టూ చేరారు. చాప కింద చీకటి, పాత గడ్డి వాసన. అలసటతో కళ్ళు మూసుకుంటే మళ్ళీ అదే బండి.

ముసలాయన పరుగున వచ్చి చాప లాగేశాడు.

"లే తల్లీ, లే! ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?"

"బాబాయ్, నేను చూడలేదు. మీ వాణ్ణి నేను చూడలేదు."

"వాడు నా కొడుకు. నా ముఖం మీద చెప్పాడు, నేనే చేశానని. వాణ్ణి మళ్ళీ అబద్ధాలకోరుని చెయ్యకు." ఆయన ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు. చాప మడిచి ఆమె చేతికే ఇచ్చాడు. ఇఫోగా చాప తిరిగివ్వరు. ఆయన ఇచ్చేశాడు. లూసియా కోకో తెచ్చింది. మిగతా మాటలన్నీ వాన గురించే.

మలాకి విడుదలయ్యాక మటలేనా వాణ్ణి ఆదివారం భోజనానికి పిలవడం మొదలుపెట్టింది. గుడి నుంచి తెల్లబట్టల్లో నేరుగా వచ్చేవాడు. చేమదుంపలు మోసుకొచ్చేవాడు, పైకప్పు బాగుచేసేవాడు. ఆమె వాణ్ణి కొడుకా అనేది. ఒక ఆదివారం ఫువాతినోను కూడా పట్టుబట్టి పిలిచింది.

"మా ఇద్దర్నీ కలిపింది నువ్వే కదే," అంది చేపముక్కా, కొబ్బరిపాలలో ఉడికిన చేమాకూ వడ్డిస్తూ. రాకుండా ఉండే దారి ఫువాతినోకు దొరకలేదు. మలాకి ఆమెకు దుంపల పళ్ళెం అందించాడు. ఆమె వైపు చూడలేదు.

తినడం అయ్యాక మటలేనా ఎప్పటిలాగే అడిగింది. ఏళ్ళుగా ఫువాతినో కనబడినప్పుడల్లా అడిగేది. "నా బిడ్డ ఎట్లా పోయాడో మళ్ళీ ఒకసారి చెప్పవే. నువ్వు చెబితే నాకు వాడు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తాడు."

ఫువాతినో నోరు తెరిచింది. "పెద్దమ్మా, నేను..." అంది. మటలేనా చేతులు ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లలా ఎదురుచూస్తోంది. ఫువాతినో ఆగిపోయింది.

మలాకి అందుకున్నాడు. తల వంచుకుని, ఒక్కొక్క మాటా ఏరినట్టుగా చెప్పాడు. తుంపర, లైట్లు, మోత, రోడ్డు మీద దొర్లిన చేమదుంపలు. కావడి ఏ భుజం మీద ఉందో కూడా చెప్పాడు. అంతా ఫువాతినో మాటల్లోనే చెప్పాడు.

"చివర్లో చెయ్యెత్తాడు," అన్నాడు. "నన్ను ఆపమన్నట్టు."

"అవును," అంది మటలేనా కళ్ళు తుడుచుకుంటూ. "చెయ్యెత్తాడు. ఫువాతినో కూడా అదే చెప్పింది."

తనెప్పుడూ ఆ మాట చెప్పలేదు. చెప్పలేదనే అనుకుంది ఫువాతినో. గుర్తు చేసుకుందామని కళ్ళు మూసుకుంది. అవుకుసో రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తాడు.